పళ్ళతో వినేవాడు

ఇంజను దింపి, బోరు కొట్టించి,
క్రాంకు ఇరవై థౌ అరగదీయించి,
కొత్త షెల్స్ వేసి బిగించి మూడు రోజులు.
గాజువాక ఆటోనగర్లో నా రేకుల షెడ్డు కింద
సబ్బవరం నుంచి వచ్చిన ఎర్ర ట్రాక్టరు.
నాకంటే పదకొండేళ్ళు పెద్దది.

చల్లగా ఉన్నంతసేపూ బుద్ధిగానే ఉంటుంది.
పావుగంట నడిచి ఒళ్ళు కాగిందా,
లోపల్నుంచి ఎవరో తలుపు కొడతారు.
టక్. టక్. టక్.
ట్రాలీ తగిలిస్తే ఇంకా గట్టిగా,
అప్పు వసూలుకొచ్చినవాడి చెయ్యిలా.

ఆయిలు గేజి ముల్లు మాత్రం నిటారుగా ఉంది.
దాన్ని చూపించి ధైర్యం చెప్పాను,
నాకూ, ఓనరుకీ.

ఓనరు గండి చినగవిరి
స్టూలు మీద కూర్చున్నాడు. తిట్టలేదు.
తిడితే బాగుండును.
అతని చెప్పులకి ఎర్రమట్టి తడిగా ఉంది,
అక్కడ వాన పడిపోయిందన్నమాట.

టైమింగ్ అన్నాను.
నాజిల్స్ అన్నాను.
బంకువాడి డీజిల్ కల్తీ అన్నాను.
నా చెయ్యి తప్పు అనే మాటొక్కటి తప్ప
మిగతా మాటలన్నీ అయిపోయాక
మల్కాపురం వెళ్ళి లోవయ్య తాతని
బండెక్కించుకొచ్చాను.

ముప్పై ఏళ్ళు షిప్‌యార్డులో
ఓడల పొట్టల్లో కూర్చుని సుత్తి దెబ్బలు విన్నవాడు.
చెవులు ఆయన కంటే ముందే రిటైరయ్యాయి.
ఎవరేమన్నా నవ్వుతాడు, అంతే.

"సెవుడోడ్ని తెచ్చేవేటి?"
ఆ రోజు గవిరి మొదటి మాట అదే.

తాత పొడుగు స్క్రూడ్రైవరు అందుకున్నాడు.
కొస బ్లాకుకి ఆనించి
పిడి పళ్ళ మధ్య కరిచి పట్టుకున్నాడు.
కళ్ళు మూసుకున్నాడు.
ఇంజను ఆయన దవడలోకి ఎక్కింది.
గడ్డం కొసన తెల్ల వెంట్రుకలు వణుకుతున్నాయి.

వేలెత్తాడు.
మొదటి ఇంజెక్టరు పైపు నట్టు వదులు చేశాను.
డీజిలు చిమ్మింది, ఇంజను కుంటింది,
తలుపు కొట్టడం ఆగలేదు.
అది బిగించి రెండోది వదిలాను. ఆగలేదు.
మూడోది వదలగానే
కొట్టేవాడి చెయ్యి మెత్తబడింది.
ఆ మెత్తదనం నేను విన్నాను,
ఆయన నమిలాడు.

"మూడోదిరా గుంటడా. కిందన. ఇప్పీ."

సంపు దించితే నల్లటి నూనెలో తళుకు,
హార్బరు దగ్గర చేపలు తోమిన నీళ్ళలాగ.
అయస్కాంతం ముంచాను. ఏమీ అంటలేదు.
ఇనుము కాదు, బేరింగు చర్మం.
మూడో రాడ్ మూత విప్పాను.
మూడు రోజుల షెల్లు,
బూడిద రంగు పోయి రాగి బయటపడింది.

రాడ్ పైకి నెట్టి టార్చి వేశాను.
క్రాంకు నూనె కన్నంలో
నీలం గళ్ళ గుడ్డపీలిక.

నా పాత లుంగీ.

స్టీల్‌ప్లాంటు దుమ్ము పడకూడదని
కన్నాలన్నిటికీ పీలికలు కుక్కింది నేనే.
ఆరు కుక్కాను.
ఐదు తీశాను.
పంపు తోస్తూనే ఉంది, ముల్లు నిలబడే ఉంది,
నూనె మాత్రం చేరాల్సిన చోటికి
చుక్కలుగా చేరింది.

తాత ఆ పీలిక నా చేతిలో పెట్టి
నా వేళ్ళు తనే మూశాడు.
ఎవరూ చూడలేదు.
గవిరి టీ తాగుతున్నాడు.
బేరింగు కంపెనీని తిట్టడం తేలిక,
మాట నాలిక మీదకి వచ్చేసింది కూడా.

వెళ్ళి గుప్పిట తెరిచాను.

అతను గుడ్డని చూశాడు.
నా నడుముకున్న లుంగీని చూశాడు, ఇదీ గళ్ళదే.
"నారు ముదిరిపోకముందు అవుద్దా?"
అవుతుందన్నాను.
మళ్ళీ క్రాంకు దించాలి, ముప్పై థౌకి పంపాలి,
ఖర్చు నాది. ఆ మాటలు తర్వాత చెప్పాను,
చెబుతున్నప్పుడు అతను వినట్లేదు,
మబ్బు వైపు చూస్తున్నాడు.

రాత్రి తాతని దింపడానికి వెళుతుంటే
సింధియా మలుపు దాటాక
వెనకనుంచి నా భుజం తట్టాడు.
ఏమంటాడోనని బండి స్లో చేశాను.

"నీ బండి సైను ఒదులైపోనాది.
ఎముకల్లో కొట్టేస్తంది.
సూసుకో."